మూడు కేబుళ్ల లెక్కకు కాసియో ఎఫ్‌ఎక్స్-991ఈఎస్ ప్లస్: ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ మన బుర్రే దిక్కు

ఒక రింగు, దాన్ని పట్టుకున్న మూడు కేబుళ్లు, కింద వేలాడే బరువు. ఏ కేబుల్‌లో టెన్షన్ (లాగుడు బలం) ఎంత? ఇంజినీరింగ్ మొదటి ఏడాది మెకానిక్స్ పేపర్లో ఈ ప్రశ్నకు మార్కులు పోయేది ఎక్కువగా చివరి అరపేజీలోనే. ఫ్రీ బాడీ డయాగ్రమ్ (రింగు మీద పడే బలాలన్నీ చూపే బొమ్మ) సరిగ్గానే గీస్తారు, వెక్టర్లు సరిగ్గానే రాస్తారు, మూడు సమీకరణాలూ వస్తాయి. వాటిని చేత్తో సాధించే తొందరలో ఎక్కడో ఒక మైనస్ జారిపోతుంది. ఆ అరపేజీ పనిని కాసియో ఎఫ్‌ఎక్స్-991ఈఎస్ ప్లస్ పూర్తిగా తన మీద వేసుకుంటుంది. అందుకే ఈ సమీక్షలో ఆ కాలిక్యులేటర్ చేసే వందల పనుల్ని వదిలేసి, ఈ ఒక్క పనినే పట్టుకుని చూద్దాం. ఈ పనికి ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. ఆ మిగిలిన అర ఎక్కడ పోయిందో, ఐదుకు ఐదు రాబట్టాలంటే లెక్కను ఎలా అమర్చుకోవాలో కింద వివరంగా ఉంది.

లెక్క ఇది. రింగును మూలబిందువుగా తీసుకుందాం, జడ్ అక్షం పైకి. షెడ్డు పైకప్పు దూలాలకు మూడు కొక్కేలు, మీటర్లలో: ఎ (1, 2, 2), బి (−2, 1, 2), సి (3, −6, 2). రింగుకు వేలాడే బరువు 1040 న్యూటన్లు, అంటే దాదాపు 106 కిలోల వస్తువు. కేబుళ్ల సొంత బరువును వదిలేస్తున్నాం, అవి తిన్నగా సాగి ఉన్నాయనుకుంటున్నాం.

పొడవులు ముందు. ఎ కేబుల్ √(1+4+4) = 3 మీటర్లు, బి కూడా 3, సి √(9+36+4) = 7. పాఠంలో చెప్పే పద్ధతి ప్రకారం ప్రతి కేబుల్‌కూ యూనిట్ వెక్టర్ (ఆ దిశలో పొడవు 1 ఉన్న వెక్టర్) కట్టాలి: ఎ దిశ (1/3, 2/3, 2/3), బి దిశ (−2/3, 1/3, 2/3), సి దిశ (3/7, −6/7, 2/7). వీటిని టెన్షన్లతో గుణించి, ఎక్స్, వై, జడ్ దిశల్లో విడివిడిగా కూడి, సున్నాకు సమానం చేయాలి. జడ్ దిశలో బరువు కిందికి లాగుతుంది కనుక ఆ సమీకరణంలో కుడివైపు 1040 వస్తుంది.

ఇక కాలిక్యులేటర్. మోడ్ నొక్కి 5 నొక్కితే ఈక్యూఎన్, అంటే సమీకరణాలు సాధించే మోడ్. అందులో 2 అంటే మూడు తెలియని రాశులున్న మూడు సమీకరణాలు. తెరపై మూడు వరుసల పట్టిక తెరుచుకుంటుంది. ఎ, బి, సి గుణకాలు (ఇవి కొక్కేల పేర్లు కావు) కనిపిస్తాయి, నాలుగో గడి డి కుడివైపు దాక్కుని ఉంటుంది, కర్సర్ అక్కడికి వెళ్తే బయటికొస్తుంది. ప్రతి విలువ తర్వాత సమానం కీ నొక్కితే కర్సర్ పక్క గడిలోకి దూకుతుంది. అన్నీ నిండాక మళ్లీ సమానం నొక్కండి. ఎక్స్ వస్తుంది, మళ్లీ నొక్కితే వై, మళ్లీ నొక్కితే జడ్. ఇంకోసారి నొక్కితే గుణకాల పట్టిక తిరిగి వస్తుంది, కాబట్టి ఒక అంకె తప్పు కొట్టినా మొత్తం మళ్లీ కొట్టనక్కర్లేదు. ఆ గడి మీదికి వెళ్లి దిద్దితే చాలు. ఏసీ నొక్కితే మాత్రం గడులన్నీ సున్నా అయిపోతాయి. తప్పు దిద్దబోయి అలవాటుగా ఏసీ నొక్కేవాళ్లు చాలామంది.

ఇక్కడే చాలామంది కాలిక్యులేటర్‌ను తప్పుగా వాడతారు. యూనిట్ వెక్టర్లను ముందు దశాంశాల్లోకి మార్చి, రెండు స్థానాలకు కుదించి, అవి గడుల్లో కొడతారు. 1/3 బదులు 0.33, 2/3 బదులు 0.67, 6/7 బదులు 0.86. ఆ అంకెలతో సాధిస్తే వచ్చేవి 540.3, 711.5, 694.0 న్యూటన్లు. సరైన జవాబులు 540, 720, 700. బి కేబుల్‌లో ఎనిమిదిన్నర న్యూటన్ల తేడా, అంటే ఒక శాతం పైమాటే. యంత్రం లోపల పదిహేను అంకెల వరకు మోస్తూ లెక్కిస్తుంది, మనం దానికి రెండు అంకెలు అందిస్తే ఆ ఖచ్చితత్వం ఎందుకూ కొరగాదు. గడిలో నేరుగా 2÷3 అనో, భిన్నంగానో, √ గుర్తుతోనో కొట్టొచ్చు. గడి చిన్నది కాబట్టి విలువ కుదించినట్టు కనిపించినా లోపల పూర్తి విలువే ఉంటుంది.

దానికన్నా మంచి దారి ఇంకొకటి ఉంది. యూనిట్ వెక్టర్లు అసలు కట్టకండి. టెన్షన్‌ను కేబుల్ పొడవుతో భాగిస్తే వచ్చే రాశిని తెలియని రాశిగా పెట్టుకోండి. దీన్ని ఫోర్స్ డెన్సిటీ అంటారు, మీటరుకు ఇన్ని న్యూటన్లని. అప్పుడు గుణకాలు కొక్కేల నిరూపకాలే అవుతాయి, భిన్నాలూ వర్గమూలాలూ మాయమవుతాయి. మన లెక్కలో మూడు వరుసలు ఇవి:

1, −2, 3, 0
2, 1, −6, 0
2, 2, 2, 1040

గమనించారా, ప్రతి కేబుల్ నిరూపకాలు పై నుంచి కిందికి ఒక నిలువు వరుసగా వచ్చాయి. ఎ కేబుల్ (1, 2, 2) మొదటి నిలువు వరుస, బి రెండోది, సి మూడోది. వీటిని అడ్డంగా పేర్చడం అతి మామూలుగా జరిగే తప్పు. అడ్డంగా పేర్చినా యంత్రం మూడు అంకెలు ఇస్తుంది, అవి చూడ్డానికి బాగానే ఉంటాయి, దేనికీ అర్థం ఉండదు. అందుకని కాగితం మీద ముందు ఎక్స్ వరుస, వై వరుస, జడ్ వరుస అని పక్కన పేర్లు రాసుకుని ఆ తర్వాతే కీల మీద వేలు పెట్టాలి.

సమానం నొక్కితే ఎక్స్ = 180, వై = 240, జడ్ = 100. ఇక్కడ ఎక్స్, వై, జడ్ అంటే అక్షాలు కావు, వరుసగా ఎ, బి, సి కేబుళ్ల ఫోర్స్ డెన్సిటీలు. ఇవి టెన్షన్లు కావు, మీటరుకు న్యూటన్లు. ఒక్కోదాన్ని దాని పొడవుతో గుణించాలి: 180 × 3 = 540 న్యూటన్లు, 240 × 3 = 720 న్యూటన్లు, 100 × 7 = 700 న్యూటన్లు. ఈ చివరి గుణకారం మరిచిపోయి 180, 240, 100 అని జవాబు రాసేస్తే కష్టమంతా వృథా. జవాబు రాసే ముందే కాగితం మీద మూడు పొడవులను ఒక మూల రాసి పెట్టుకుంటే ఈ ప్రమాదం ఉండదు. సరిచూసుకోవడం కూడా తేలిక: 180 − 480 + 300 = 0, 360 + 240 − 600 = 0, రెండు రెట్లు 520 అంటే 1040. పది క్షణాల పని, పరీక్షలో దీన్ని వదులుకోకూడదు.

ఈ పద్ధతిని పరీక్ష కిటుకుగా తీసిపారేయొద్దు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ కోసం కట్టిన కేబుల్ వల పైకప్పుల రూపం తేల్చే క్రమంలో జర్మన్ ఇంజినీర్లు పెంచిన పద్ధతికి మూలం ఇదే ఆలోచన. వేల కేబుళ్లున్న వలలో పొడవులు తెలియని రాశులుగా ఉంటే సమీకరణాలు సరళ (లీనియర్) సమీకరణాలుగా ఉండవు. ఫోర్స్ డెన్సిటీని ముందే ఎంచుకుంటే అన్నీ సరళ సమీకరణాలైపోతాయి. మన మూడు కేబుళ్ల లెక్క దాని అతి చిన్న రూపం.

ఇప్పుడు జవాబు చదవడం గురించి. కాలిక్యులేటర్‌కు కేబుల్ అంటే ఏమిటో తెలియదు. కేబుల్ లాగగలదు, నెట్టలేదు అన్న సంగతి మనకే తెలుసు. కాబట్టి తెరపై మైనస్ కనిపిస్తే ఆగి ఆలోచించాలి.

మూడూ మైనస్‌లో వస్తే, అంటే −180, −240, −100 అని వస్తే, బరువు గుర్తు తిరగబడింది. డి గడిలో 1040 బదులు −1040 కొట్టారు. సమీకరణంలో బరువును కుడివైపుకు మార్చేటప్పుడు గుర్తు మార్చడం మరిచిపోతే ఇలా జరుగుతుంది. ఇది తేలిగ్గా దొరికే తప్పు.

ఒక్కటే మైనస్ వస్తే కథ వేరు. ఉదాహరణకు సి కొక్కెం వై నిరూపకం −6 బదులు 6 అని కొట్టారనుకోండి. జవాబులు 780, 0, −260 వస్తాయి. బి కేబుల్‌లో టెన్షన్ సున్నా, సి కేబుల్ నెడుతోంది! ఇలాంటి జవాబు వస్తే ముందు గడుల్లోని గుర్తులు చూడండి. అవి ప్రశ్నలో ఇచ్చినట్టే ఉంటే, తప్పు అమరికలోనే ఉందని అర్థం: పై నుంచి చూసినప్పుడు మూడు కొక్కేలూ కలిసి చేసే త్రిభుజం లోపల రింగు లేదు. నిజంగా వేలాడదీస్తే ఒక కేబుల్ వదులైపోతుంది, రింగు ఆ చోట నిలవదు, వేరే చోటుకు జరిగిపోతుంది. మన మొదటి లెక్కలో పై నుంచి చూస్తే కొక్కేలు (1, 2), (−2, 1), (3, −6). వాటి మధ్యలో మూలబిందువు ఉంది, అందుకే మూడూ ప్లస్ వచ్చాయి. కొక్కేలన్నీ రింగుకన్నా ఎత్తులో ఉండి, బరువు నిట్టనిలువుగా వేలాడుతున్నప్పుడు, కాలిక్యులేటర్ తీయకముందే ఈ త్రిభుజం గీసి చూస్తే జవాబు గుర్తులు ముందే తెలిసిపోతాయి.

మైనస్ రావడం సరైన సందర్భం కూడా ఒకటుంది. గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన బూమ్ (గట్టి కడ్డీ), మొదట్లో ఎటైనా తిరగగల బాల్ అండ్ సాకెట్ జాయింటు, కొసను రెండు కేబుళ్లు గోడకు కట్టి పట్టుకుంటాయి. జాయింటును మూలబిందువు అనుకోండి, బూమ్ వై దిశలో 6 మీటర్లు, కొస (0, 6, 0). గోడ మీద కొక్కేలు (2, 0, 3), (−3, 0, 2). కొస నుంచి కేబుల్ వెక్టర్లు (2, −6, 3), (−3, −6, 2), రెండింటి పొడవూ 7. బరువు 1300 న్యూటన్లు కొసన వేలాడుతోంది. బూమ్ సొంత బరువు లేదనుకుంటే అది తన పొడవు వెంబడే బలం మోస్తుంది, కాబట్టి దాన్ని మూడో కేబుల్‌లా (0, −6, 0) అని పెట్టేయొచ్చు. ఈక్యూఎన్‌లో వరుసలు 2, −3, 0, 0. −6, −6, −6, 0. 3, 2, 0, 1300. జవాబులు 300, 200, −500. పొడవులతో గుణిస్తే కేబుళ్లలో 2100, 1400 న్యూటన్లు, బూమ్‌లో −3000. ఈ మైనస్ తప్పు కాదు, బూమ్ 3000 న్యూటన్ల కంప్రెషన్‌లో (నొక్కుడులో) ఉందని చెబుతోంది. బూమ్ మధ్యలో కూడా బరువు ఉంటే మాత్రం ఈ దారి పనికిరాదు. అప్పుడు జాయింటు దగ్గర మొమెంట్లు (బలాలు తిప్పే ప్రభావాలు) తీసుకుని, జాయింటు ఇచ్చే రియాక్షన్లను (ఎదురు బలాలను) పక్కకు తప్పించి, కేబుళ్ల టెన్షన్లు రాబట్టాలి.

ఈ పనికి వెక్టర్ మోడ్ ఉంది. మోడ్ 8. వీసీటీ ఎ, వీసీటీ బి, వీసీటీ సి అని మూడు వెక్టర్లు నిల్వ చేసుకోవచ్చు. 1 నొక్కి వీసీటీ ఎ ఎంచుకుని, మళ్లీ 1 నొక్కితే మూడు అంశల వెక్టర్. విలువలు కొట్టి ఏసీ నొక్కితే లెక్కల తెర వస్తుంది. తర్వాత షిఫ్ట్ 5 నొక్కితే మెనూ: 1 కొత్త వెక్టర్ పరిమాణానికి, 2 ఉన్నదాన్ని దిద్దడానికి, 3, 4, 5 మూడు వెక్టర్లు, 6 చివరి జవాబు వెక్టర్, 7 డాట్. క్రాస్ ప్రోడక్ట్‌కు మామూలు గుణకారం కీయే. పొడవు కావాలంటే షిఫ్ట్‌తో హెచ్‌వైపీ కీ నొక్కితే అబ్సల్యూట్ వస్తుంది. యూనిట్ వెక్టర్ కోసం ప్రత్యేక ఆదేశం ఈ మోడల్లో లేదు. 1ని పొడవుతో భాగించి, దాన్ని కుండలీకరణాల్లో పెట్టి వెక్టర్‌తో గుణించాలి.

నా ఉద్దేశంలో ఈ యంత్రంలో అందరూ పట్టించుకోకుండా వదిలేసే విలువైన భాగం ఈ మోడే. ఇంటర్ మొదటి ఏడాది గణితం 1ఎలో నేర్చుకున్న స్కేలార్ ట్రిపుల్ ప్రోడక్ట్ (రెండు వెక్టర్ల క్రాస్‌ను మూడోదానితో డాట్ చేయడం) ఇక్కడ కళ్ల ముందు పనిచేస్తుంది. ఎ కేబుల్ టెన్షన్ ఒక్కటే అడిగారనుకోండి. బి, సి రెండింటికీ లంబంగా ఉండే దిశ ఒకటుంది, అది బి క్రాస్ సి. ఆ దిశలో బి, సి కేబుళ్లు ఏమీ లాగలేవు. ఆ దిశలో డాట్ తీసుకుంటే అవి రెండూ సమీకరణం నుంచి తప్పుకుంటాయి, ఎ, బరువు మాత్రమే మిగులుతాయి. వీసీటీ బి × వీసీటీ సి కొడితే (14, 10, 9) వస్తుంది. దీన్ని వీసీటీ ఎతో డాట్ చేస్తే 14 + 20 + 18 = 52. బరువు జడ్ దిశలోనే ఉంది కాబట్టి దానికి జడ్ అంశ 9 చాలు: 9 × 1040 ÷ 52 = 180. పొడవు 3తో గుణిస్తే 540. మిగతా రెండింటి జోలికి పోకుండానే ఒక టెన్షన్ చేతికొచ్చింది. ఈక్యూఎన్‌లో వచ్చిన జవాబును వేరే దారిలో సరిచూసుకోవడానికి కూడా ఇంతకన్నా మంచి మార్గం లేదు, ఎందుకంటే ఒక మోడ్‌లో కొట్టిన తప్పు ఇంకో మోడ్‌లోకి రాదు.

ఆ 52 అనే అంకెను ఇంకొంచెం గౌరవించాలి. సమీకరణాలను డిటర్మినెంట్లతో సాధించే క్రామర్ పద్ధతిలో, గుణకాల పట్టిక డిటర్మినెంట్ అదే. మూడు కేబుళ్లూ ఒకే తలంలోకి వచ్చేస్తే అది సున్నా అవుతుంది. సి కొక్కెం (−1, 3, 4) దగ్గర ఉందనుకోండి. అది ఎ, బి వెక్టర్ల మొత్తం, అంటే మూడూ ఒకే తలంలో ఉన్నాయి. ఆ తలం నిలువుగా లేదు కాబట్టి నిట్టనిలువు బరువును అవి ఏ టెన్షన్లతోనూ ఆపలేవు. పూర్ణాంకాలు కొడితే సమాధానం లేదని యంత్రం సందేశం చూపిస్తుంది. అదే లెక్కను రెండు దశాంశాలకు కుదించిన యూనిట్ వెక్టర్లతో కొట్టి చూడండి: సి దిశ (−0.20, 0.59, 0.78). డిటర్మినెంట్ సున్నాకు బదులు −0.0058 దగ్గర నిలుస్తుంది, యంత్రం నమ్మకంగా మొదటి కేబుల్‌కు దాదాపు 59,300 న్యూటన్లు, రెండో దానికి 59,200, మూడో దానికి మైనస్ లక్ష పైన చూపిస్తుంది. వెయ్యి న్యూటన్ల బరువుకు లక్ష న్యూటన్లు! గుణకాలను కుదించి కొట్టొద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. తప్పు జవాబు ఇవ్వడం కన్నా సమాధానం లేదన్న సందేశాన్ని మింగేయడం పెద్ద నష్టం.

అయితే టెన్షన్ బరువుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ రావడం ప్రతిసారీ తప్పేమీ కాదు. కొక్కేల ఎత్తు 2 మీటర్ల నుంచి 0.2 మీటర్లకు తగ్గించి, మిగతావి అలాగే ఉంచితే, ఫోర్స్ డెన్సిటీలు 1800, 2400, 1000 అవుతాయి. పొడవులు √5.04, √5.04, √45.04. టెన్షన్లు 4041, 5388, 6711 న్యూటన్లు. బరువు మారలేదు, అదే 1040. బట్టలు ఆరేసే తీగను బిగించి కట్టినకొద్దీ ఒక తడి దుప్పటికే మేకు ఊడొచ్చేది ఈ కారణం వల్లే. కేబుల్ చదునుగా మారేకొద్దీ పైకి లాగే అంశ తగ్గిపోతుంది, అదే బరువు మోయాలంటే మొత్తం టెన్షన్ పెరగక తప్పదు. నిజంగా వేలాడదీసే పనికి ఈ అంకెలు మొదటి అంచనా మాత్రమే. తాడు సాగుదల, సొంత బరువు, కుదుపులు, ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ (భద్రత కోసం అదనంగా ఉంచే బలం) ఇవన్నీ దీని మీద లెక్కించాలి.

ఒకే అమరికకు రకరకాల లోడ్లు ఇచ్చి అడిగితే మాట్రిక్స్ మోడ్ మేలు. మోడ్ 6. మ్యాట్ ఎ 3×3గా పై గుణకాలు, మ్యాట్ బి 3×1గా కుడివైపు అంకెలు. మ్యాట్ ఎ కొట్టి విలోమం కీ నొక్కి, మ్యాట్ బితో గుణిస్తే మూడు జవాబులూ ఒకేసారి నిలువు వరుసలో వస్తాయి. రింగును ఎక్స్ దిశలో 52 న్యూటన్ల గాలి నెడుతోందనుకోండి. దాన్ని కుడివైపుకు మారిస్తే −52. మ్యాట్ బిని −52, 0, 1040గా దిద్ది అదే వాక్యం మళ్లీ నడిపిస్తే 166, 256, 98 వస్తాయి, టెన్షన్లు 498, 768, 686. ఎ, సి తగ్గాయి, బి పెరిగింది. బి కొక్కెం మైనస్ ఎక్స్ వైపు ఉంది కాబట్టి గాలికి ఎదురు లాగాల్సింది అదే. అంకెలు కాసేపు పక్కనపెట్టి ఇలా దిశను ఆలోచించడం మంచి అలవాటు.

ఇక కోసేసిన అర మార్కు సంగతి. ఈక్యూఎన్ గుణకాల తెరలో విలువల్ని ఎ, బి లాంటి మెమరీల్లోకి దాచే కీలు పనిచేయవు. వచ్చిన ఎక్స్, వై, జడ్‌లను కాగితం మీద రాసుకుని, మోడ్ 1కి (మామూలు లెక్కల మోడ్‌కు) వెళ్లి పొడవులతో గుణించుకోవాలి. మోడ్ మారగానే గుణకాలు చెరిగిపోతాయి, కాబట్టి మారే ముందే మూడు జవాబులూ రాసుకోవాలి. నాలుగో గడి పక్కకు దాగి ఉండటం కూడా ఇబ్బందే. బరువు సరైన వరుసలో పడిందో లేదో ఒక్క చూపులో తెలియదు. జవాబు భిన్నంగా కనిపిస్తే ఎస్, డి అక్షరాలున్న మార్పిడి కీ నొక్కితే దశాంశం వస్తుంది. ఇది తెలియక భిన్నాన్ని మళ్లీ చేత్తో భాగించేవాళ్లున్నారు. మైనస్ అంకెలకు కుండలీకరణాల్లో మైనస్ ఉన్న కీ వాడండి, తీసివేత కీ కాదు. పొడవు లెక్కించేటప్పుడు −2 వర్గం కావాలంటే −2ని కుండలీకరణాల్లో పెట్టాలి, లేకపోతే −4 వస్తుంది. ఎలాగూ వర్గం చేస్తున్నాం కాబట్టి అసలు మైనస్ కొట్టకపోవడమే సులువు. బరువు కిలోల్లో ఇచ్చి ఉంటే డి గడిలోనే 106×9.81 అని కొట్టేయొచ్చు, విడిగా గుణించి కుదించనక్కర్లేదు.

మిగతా మోడళ్లతో పోలిక. పాత ఎఫ్‌ఎక్స్-991ఎంఎస్ కూడా మూడు సమీకరణాలు సాధిస్తుంది. మోడ్ మూడుసార్లు నొక్కి 1, ఆ తర్వాత తెలియని రాశులెన్ని అని అడిగితే 3. కాకపోతే ఒక్కో గుణకాన్ని విడిగా అడుగుతుంది, పట్టిక మొత్తం కనబడదు. ఎక్కడ తప్పు కొట్టామో వెతకాలంటే బాణం కీతో ఒక్కొక్కటీ దాటాలి. ఇంట్లో అన్నయ్యదో అక్కదో ఉంటే దాంతోనే గట్టెక్కొచ్చు, కొత్తది కొనేటప్పుడు మాత్రం దాన్ని ఎంచుకోవద్దు. ఎఫ్‌ఎక్స్-82ఎంఎస్ కొంటే ఈ అధ్యాయంలో అది మామూలు కూడికల యంత్రమే, సమీకరణాలు సాధించే మోడ్ దానిలో లేదు.

ఎఫ్‌ఎక్స్-991ఈఎక్స్ దీనికన్నా స్పష్టంగా మెరుగు. తెర మీద చుక్కలు ఎక్కువ, సమీకరణాలు నిజమైన సమీకరణాల్లా గుర్తులతో సహా ఒకేసారి కనిపిస్తాయి. పైన చెప్పిన దాగుడుమూతల గడి బాధ ఉండదు. వెక్టర్ మెనూలో యూనిట్ వెక్టర్‌కు, రెండు వెక్టర్ల మధ్య కోణానికి విడివిడి ఆదేశాలున్నాయి, నాలుగో వెక్టర్ వీసీటీ డి కూడా ఉంది. నాలుగు తెలియని రాశుల వరకు సాధిస్తుంది. అయితే ఈ చివరి సౌకర్యం కోసమే ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. ఒక బిందువు దగ్గర సమతాస్థితి ఇచ్చేది మూడే సమీకరణాలు. నాలుగు కేబుళ్లతో ఒక రింగును పట్టుకుంటే నాలుగో సమీకరణం కేబుళ్ల సాగుదల నుంచి రావాలి. ఏ కాలిక్యులేటర్ కొన్నా దాన్ని మనమే రాయాలి. కొత్త ఎఫ్‌ఎక్స్-991సీడబ్ల్యూలో సత్తువ తక్కువేం కాదు, కాకపోతే కీల అమరిక మొత్తం మారింది. మోడ్ స్థానంలో హోమ్ తెర మీద బొమ్మలు, సమానం స్థానంలో ఈఎక్స్ఈ, చాలా ఆదేశాలు కేటలాగ్ లోపల. సీనియర్లు చెప్పే కీల వరుసలు, తరగతిలో బోర్డు మీద రాసే వరుసలు దాని మీద పనిచేయవు. మొదటి ఏడాది విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. అందుకే పక్కవాళ్ల చేతిలో ఏది ఉందో చూసి అదే కొనమంటాను.

కొనే ముందు మీ కాలేజీ పరీక్షల విభాగం ఏ మోడళ్లను అనుమతిస్తుందో అడిగి తెలుసుకోండి. గేట్ రాసే ఆలోచన ఉన్నవాళ్లకు ఇంకో మాట: అక్కడ సొంత కాలిక్యులేటర్‌ను లోపలికి రానివ్వరు, కంప్యూటర్ తెర మీద ఇచ్చే కాలిక్యులేటర్‌లో సమీకరణాల మోడ్ ఉండదు, వెక్టర్ మోడ్ ఉండదు. అక్కడ చేతికి అందేది పైన చెప్పిన ట్రిపుల్ ప్రోడక్ట్ దారే. నిరూపకాలు పూర్ణాంకాలుగా ఉంచి, రెండు కేబుళ్ల క్రాస్ ప్రోడక్ట్ ఒకటి, డాట్ ఒకటి, భాగహారం ఒకటి. కాబట్టి 991ఈఎస్ ప్లస్ చేతిలో ఉన్న రోజుల్లోనే ముందు చేత్తో ట్రిపుల్ ప్రోడక్ట్ వేసి, తర్వాత మోడ్ 8లో సరిచూసుకుంటూ సాధన చేయండి. విద్యుత్తు సోలార్ పలక నుంచీ, ఎల్‌ఆర్44 బటన్ సెల్ నుంచీ రెండు వైపులా అందుతుంది. తెర మసకబారడం మొదలైతే పరీక్షకు వారం ముందే సెల్ మార్పించండి, ట్యూబ్‌లైట్ వెలుతురు చాలని హాల్లో సోలార్ పలక ఒక్కదాన్నే నమ్ముకోలేం.